మూడు నెలల గడువు: చిబాలో మేం స్థలం కొన్న సంగతి

మేం టోక్యో పక్కనున్న చిబాలోని యాచియోలో స్థలం తీసుకున్నామని తెలిసిన దగ్గర్నుంచి టోక్యోలోని నిషికసాయి స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న. "ప్రకటనలో కెంచికు జోకెన్ త్సుకి, అంటే ఇంటి నిర్మాణ షరతుతో అని ఉందండీ, అలాంటిది కొనొచ్చా?" ఫోన్లో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి చెప్పడం ఇష్టం లేక అంతా ఒకచోట రాస్తున్నాను. కొనొచ్చు. మేం కొన్నది అదే. అయితే ఆ షరతు వెంట కొనేవాళ్ల చేతికి మూడు నెలల గడువు కూడా వస్తుంది. దాన్ని పూర్తిగా వాడుకుంటే బేరం బాగుంటుంది, మొదటి రోజే వదిలేసుకుంటే తర్వాత చేయగలిగింది పెద్దగా ఉండదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ గడువు గురించే.

ముందు షరతు సంగతి. "స్థలం మీకే, కానీ దాని మీద ఇల్లు మాత్రం మేం చెప్పిన బిల్డర్‌తోనే కట్టించుకోవాలి" అంటారు అమ్మేవాళ్లు. ఆ బిల్డర్ చాలాసార్లు అమ్మే కంపెనీయే. స్థలం అగ్రిమెంట్ అయిన రోజు నుంచి సాధారణంగా మూడు నెలల్లోపు ఇంటి నిర్మాణ ఒప్పందం కుదరాలి. కుదరకపోతే స్థలం అగ్రిమెంట్ కూడా రద్దవుతుంది. బయానాతో సహా కట్టినదంతా వెనక్కి వస్తుంది, వడ్డీ మాత్రం రాదు. కట్టేసిన ఇల్లు కొనే తతేఉరికీ, స్థలం కొని నచ్చిన ఆర్కిటెక్టుతో కట్టించుకునే చూమొన్ జూతకుకీ నడిమధ్య పద్ధతి ఇది. కంపెనీకి ఇంటి నిర్మాణం మీద లాభం ఎలాగూ వస్తుంది కాబట్టి స్థలం ధర కాస్త తగ్గించి పెడతారు. పక్క వీధిలో షరతు లేని స్థలంతో పోలిస్తే మాకు త్సుబోకి 60 వేల యెన్ల దాకా తక్కువ పడింది. త్సుబో అంటే 3.3 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 4 గజాలు. షరతు ఎత్తేస్తారా అని కూడా అడిగి చూశాం. ఎత్తేస్తాం కానీ స్థలం మీద 25 లక్షల యెన్లు ఎక్కువ ఇవ్వండి అన్నారు. అంతటితో ఆ మాట ఆపేశాం.

యాచియోనే ఎందుకంటే తోజాయ్ లైన్ వల్ల. నేను జపాన్ వచ్చినప్పటి నుంచి నిషికసాయిలోనే అద్దెకున్నాం. గుడి, కిరాణా, స్నేహితులు, పండగలు, అన్నీ అక్కడే. ఇల్లు కొనాలనుకున్నప్పుడు మొదట అక్కడే వెతికాం కూడా. కానీ నిషికసాయి ఉన్న ఎదొగావా వార్డు 2019లో ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్ట మీద, "ఇక్కడ ఉండకూడదు" అని వాళ్లే రాశారు. వార్డు నేలలో దాదాపు 70 శాతం పోటు వచ్చినప్పటి సముద్రమట్టం కంటే కిందే ఉంది. పెద్ద వరదొస్తే వార్డు దాటి వెళ్లిపొమ్మని చెబుతున్న చోట 35 ఏళ్ల అప్పుతో నేల కొనడానికి నాకు మనసొప్పలేదు. ఉరయాసు వైపు చూస్తే 2011 మార్చి భూకంపంలో సముద్రాన్ని పూడ్చిన భాగంలో చాలాచోట్ల ఇసుక, బురద పైకి తన్ని రోడ్లు కుంగిపోయిన చోటు. అదే తోజాయ్ లైన్ రైలు నిషి ఫునబాషి దాటాక తోయో రాపిడ్ పట్టాల మీదికి వెళ్లి షిమోసా పీఠభూమి ఎక్కుతుంది. రైలు మారక్కర్లేదు, నేల ఎత్తుగా ఉంటుంది, స్నేహితులు అదే లైన్లో ఉంటారు. టికెట్ ఖరీదు మాత్రం ఎక్కువే. నిషి ఫునబాషి నుంచి చివరి స్టేషన్ తోయో కత్సుతదాయ్ దాకా 16.2 కిలోమీటర్లకు 640 యెన్లు. మా ఆయన ఆఫీసు పాస్ ఇస్తుంది కాబట్టి సరిపోయింది. మీ ఆఫీసు ఎంత దాకా భరిస్తుందో ముందే కనుక్కోండి.

మేం తీసుకున్నది ఒకప్పటి నాషి తోటను ఐదు ముక్కలు చేసిన చిన్న లేఔట్లో ఒకటి. నాషి అంటే జపాన్ బేరి పండు, ఈ చుట్టుపక్కల ఊళ్ల పంట అది. పెద్దాయన పోయాక వారసులు అమ్మేశారట. పక్కన మిగిలిన తోట ఇప్పటికీ ఉంది. మా ముక్క 110 చదరపు మీటర్లు, ధర 1 కోటీ 98 లక్షల యెన్లు. స్టేషన్‌కి నడక 18 నిమిషాలు అని ప్రకటనలో ఉంది. ఇక్కడ నిమిషానికి 80 మీటర్ల లెక్కన వేస్తారు, అందులో ఎక్కుడు రోడ్డూ సిగ్నలూ కలవవు. స్ట్రోలర్ తోసుకుంటూ మీరే ఒకసారి నడిచి చూడండి, వీలైతే వాన పడే రోజు.

తెనాలిలో ఉన్న మా నాన్నకు ఫోన్ చేసి చెబితే మొదటి మాట, "ఎన్ని గజాలమ్మా?"

"నూట ముప్పై నాన్నా."

"కోటీ తొంభై ఎనిమిది లక్షలకు నూట ముప్పై గజాలా?" అని కాసేపు మాట్లాడలేదు. యెన్లని చెప్పి లెక్క వివరించాక తేరుకున్నారు. తర్వాత, "రోడ్డు ఏ దిక్కు?" అన్నారు.

"ఉత్తరం."

"అయితే ఇంకేం ఆలోచించకు. బయానా ఇచ్చేయ్."

ఇది మన వాళ్లకు బాగా కలిసొచ్చే విషయం. జపాన్ వాళ్లకు ఎండ ముఖ్యం, దక్షిణం వైపు రోడ్డున్న స్థలమంటే ప్రాణం. మా లేఔట్లోనే దక్షిణం రోడ్డు ముక్కలు రెండింటికీ 18 లక్షల యెన్లు ఎక్కువ పెట్టారు, అయినా ముందు అవే పోయాయి. ఉత్తరం రోడ్డువి మిగిలాయి. మనకేమో ఉత్తర సింహద్వారం కావాలి. పైగా ఇలాంటి జోన్లలో ఉత్తరం వైపు ఇంటివాళ్లకు ఎండ తగలడానికి మన కప్పు ఏటవాలుగా తగ్గించాలనే నియమం ఉంది. ఉత్తరం వైపు రోడ్డుంటే ఆ కొలత రోడ్డుకు అవతలి అంచు నుంచి మొదలవుతుంది. దాంతో మా పై అంతస్తు గదుల ఎత్తు ఎక్కడా కోసుకుపోలేదు. పెరడూ హాలూ దక్షిణం వైపుకు వచ్చాయి, వీధిలో పోయేవాళ్ల చూపు పడదు.

మాది ఒకటో రకం లోరైజ్ రెసిడెన్షియల్ జోన్, కెంపెయ్ 50, యోసెకి 100. అంటే 110 మీటర్ల స్థలంలో 55 మీటర్లకు మించి నేల కప్పకూడదు, అంతస్తులన్నీ కలిపి 110 దాటకూడదు. ఎత్తు 10 మీటర్ల లోపు. మేం కింద 52, పైన 52 వేశాం. ఈ అంకెలు ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి, స్థలం ధర కంటే ముందు వాటినే చూడాలి. రోడ్డు వెడల్పు 4 మీటర్లకు తక్కువైతే సెట్‌బ్యాక్ కింద మీ స్థలంలో కొంత రోడ్డుకు పోతుంది. రోడ్డు ప్రైవేటుదైతే అందులో మీకు వాటా రాసిస్తున్నారా, పైపుల కోసం తవ్వుకునే అనుమతి ఉందా అని అడగాలి.

ఇక నేల. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. పీఠభూమి అన్నాను గానీ అదంతా ఒకేలా ఉండదు. పైన కాంతో లోమ్ అనే ఎర్రమట్టి, ఎప్పుడో పడిన అగ్నిపర్వతాల బూడిద. కదిలించకుండా ఉన్నంతవరకు రెండంతస్తుల చెక్క ఇంటిని బాగానే మోస్తుంది. కానీ పీఠభూమిని కోసుకుంటూ వేళ్లలాగా సన్నటి లోయలు వెళతాయి. యాత్సు అంటారు వాటిని. ఒకప్పుడు అడుగున వరి పొలాలు ఉండేవి. కొన్నింటిని మట్టితో పూడ్చి ఇళ్లు కట్టారు. ఇప్పుడు పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి గట్టి నేల, ఇంకొకటి పూడ్చిన నేల. ప్రభుత్వ సర్వే సంస్థ కొకుదో చిరియిన్ సైట్లో పాత విమాన ఫోటోలు ఉచితంగా చూడొచ్చు. యుద్ధం అయ్యాక అమెరికన్లు తీసినవి కూడా ఉన్నాయి. మాకు మొదట నచ్చిన స్థలం వేరే. స్టేషన్‌కి దగ్గర, ధర తక్కువ. పాత ఫోటోలో సరిగ్గా ఆ చోటు మీదుగా సన్నటి పొలాల పట్టీ వంపు తిరిగి వెళుతోంది. అంతే, ఆ స్థలం మాట మళ్లీ ఎత్తలేదు. నాషి తోట దగ్గర అదే ఫోటోలో చదునుగా మెట్ట చేలు ఉన్నాయి. 2020 ఆగస్టు నుంచి అమ్మకానికి ముందు వరద మ్యాపులో స్థలం ఎక్కడుందో చూపించి చెప్పడం తప్పనిసరి చేశారు, కానీ పూడ్చిన లోయ సంగతి మీకై మీరు వెతికితేనే తెలుస్తుంది.

నేల పరీక్ష మామూలుగా నిర్మాణ ఒప్పందం అయ్యాక చేస్తారు. ఎస్టిమేట్లో మాత్రం "నేల పటిష్ఠం చేయడం, మొత్తం కలిపి 10 లక్షల యెన్లు" అని ముందే వేసి ఉంది. పరీక్ష చేయకుండానే 10 లక్షలు ఎలా వచ్చాయని అడిగాను. జాగ్రత్త కోసం వేశామన్నారు. అయితే ఒప్పందానికి ముందే, ఈ మూడు నెలల్లోనే పరీక్ష చేయించండి, ఆ 50 వేల యెన్లు మేం ఇస్తాం అన్నాను. కాసేపు చూసి సరేనన్నారు. ఇల్లు ఎక్కడ వస్తుందో డ్రాయింగ్ తేలితేనే పరీక్ష చేసే చోట్లు గుర్తు పెడతారు కాబట్టి అప్పటికి కింది అంతస్తు నమూనా ఖాయం చేసుకున్నాం.

ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. చిన్న యంత్రం, దాన్ని నడిపేది ఒక్కరే. కొన మెలితిరిగిన ఇనుప కడ్డీని నేల మీద నిలబెట్టి బరువు పెంచుతూ పోతారు, 100 కిలోల దాకా. తనంతట తాను దిగితే నేల మెత్తన. దిగకపోతే తిప్పుతారు, ప్రతి 25 సెంటీమీటర్లకు ఎన్ని అరచుట్లు తిరిగిందో లెక్క రాస్తారు. ఇంటి నాలుగు మూలలు, నడుమ ఒకటి, మొత్తం ఐదు చోట్ల. వాయవ్యంలో కడ్డీ కరకరలాడుతూ కష్టం మీద దిగింది. ఆగ్నేయ మూలలో మాత్రం తిప్పకుండానే మీటరున్నర దాకా జారిపోయింది. ఎందుకని అడిగితే, చెట్టు పీకిన గుంటను వదులు మట్టితో పూడ్చి ఉంటారని ఆయన చెప్పారు. రిపోర్టు కూడా అలాగే వచ్చింది. పైపొరలో సిమెంటు కలిపి గట్టిపరిస్తే చాలు, 5 లక్షల 40 వేల యెన్లు. ఎస్టిమేట్లో 10 లక్షలు కొట్టేసి ఈ అంకె వేశారు.

అందులోనే ఇంకో సంగతి. కాంతో లోమ్ మట్టిలో మామూలు సిమెంటు కలిపితే ఆరు వేలెన్సీ క్రోమియం అనే విషపదార్థం బయటికి వచ్చే ప్రమాదం ఉంది. ముందుగా మట్టి నమూనాతో పరీక్ష చేసి, దానికి సరిపడే ప్రత్యేక రకం వాడాలి. చిబా, సైతామా, కనగావా, ఎక్కడ కొన్నా ఎర్రమట్టి నేలైతే ఈ పరీక్ష కాగితం అడగండి. పెరట్లో కొత్తిమీర, మెంతికూర వేసుకునేవాళ్లం మనం.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. స్థలం అగ్రిమెంట్ 2024 డిసెంబరులో అయింది. ఆ రోజు బల్ల మీద రెండు ఫైళ్లు పెట్టారు. ఒకటి స్థలం అగ్రిమెంట్, రెండోది నిర్మాణ ఒప్పందం. "ప్లాన్ తర్వాత ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఓకుసమా. రెండూ ఒకేసారి అయిపోతే బ్యాంకు పని తేలిక" అన్నాడు సేల్స్ అబ్బాయి, చాలా మర్యాదగా. ఆ రెండో కాగితం మీద సంతకం పడిన క్షణంలో షరతు నెరవేరినట్టే. ఆ తర్వాత ఇల్లు నచ్చలేదనో, ఖర్చు పెరిగిందనో వెనక్కి తగ్గితే బయానా పోతుంది, నిర్మాణ ఒప్పందం రద్దు చేసినందుకు పరిహారం కూడా అడగొచ్చు. గదులెక్కడో, కిటికీలెన్నో తెలియని ఇంటికి ఒప్పందం ఏమిటి? మేం స్థలం కాగితం మీదే సంతకం పెట్టాం. బయానా 10 లక్షల యెన్లు ఇచ్చాం.

సంతకానికి ముందే ముసాయిదా ఇంటికి తెప్పించుకుని, ఒక జపనీస్ స్నేహితురాలిని కూచోబెట్టుకుని వాక్యం వాక్యం చదివాను. ముఖ్యంగా మూడు చూశాం. గడువులోపు నిర్మాణ ఒప్పందం కుదరకపోతే, కారణం ఏదైనా సరే, తీసుకున్న సొమ్మంతా తిరిగిస్తామని ఉందా? బ్యాంకు లోన్ రాకపోతే బయానా తిరిగొచ్చే క్లాజు ఉందా, అందులో బ్యాంకు పేరు, మొత్తం, తేదీ రాశారా? స్థలం మిగతా డబ్బు ఎప్పుడు కట్టాలి? మాకు నిర్మాణ ఒప్పందం అయ్యాకే కట్టేలా ఉంది, అలా ఉండడమే క్షేమం. అమ్మేది కంపెనీ కాబట్టి చట్టం ప్రకారం బయానా 20 శాతం దాటకూడదు. బ్రోకర్ మధ్యలో ఉంటే కమీషన్ గరిష్ఠంగా 3 శాతానికి 60 వేలు కలిపి దాని మీద పన్ను. మా ధరకైతే 7 లక్షల 19 వేల 400 యెన్ల దాకా అయ్యేది. కంపెనీయే నేరుగా అమ్మడంతో అది మిగిలింది. బ్రోకర్ ఉన్నా, కమీషన్ లెక్క స్థలం ధర మీదే వేయాలి, ఇంటి ఖరీదు మీద వేయకూడదు. ఇది తెలియక ఎక్కువ కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఆ తర్వాత డిజైనర్‌తో మీటింగులు మొదలయ్యాయి. ఆమె మంచి మనిషి, ఓపిక ఎక్కువ. వాస్తు గురించి మొహమాటపడుతూ చెప్పడం మొదలుపెడితే, ఈశాన్యంలో టాయిలెట్ పెట్టనని ఆమే ముందు అంది. వాళ్లకు ఈశాన్యం కిమొన్, దుష్టశక్తులు వచ్చే దిక్కు. అక్కడ టాయిలెట్, వంటిల్లు, గుమ్మం పెట్టరు. నైరుతి ఉరా కిమొన్, అక్కడా నీళ్ల గదులు వద్దంటారు. మనకు ఈశాన్యం దేవుడి మూల, నైరుతి యజమాని పడకగది. నమ్మకాలు వేరైనా డ్రాయింగ్ మీద గీతలు కలిశాయి. ఈశాన్యంలో పూజకు చిన్న అల్మారా, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో మా గది. మా నాన్న వీడియోలో చూసి ఒక్క కిటికీ మాత్రం జరపమన్నారు.

ఎస్టిమేట్ దగ్గర అంత సాఫీగా జరగలేదు. మొదటి ఎస్టిమేట్లో ఇల్లు 2 కోట్ల 15 లక్షల యెన్లు. కింద సన్నటి అక్షరాల్లో, ఇందులో కలవనివి: నీళ్ల పైపు లోపలికి లాగడం, డ్రైనేజీ కనెక్షన్, నేల పని, డిజైన్, అనుమతుల ఫీజు, ప్రహరీ, కారు నిలిపే చోటు, కర్టెన్ రాడ్లు, లైట్లు, ఏసీలు. అవన్నీ వేయమంటే, చాలా వాటికి ఎదురుగా ఇష్షికి అని ఒక మాట, ఒక అంకె. అంటే మొత్తం కలిపి ఇంత, వివరం లేదు. ప్రతి ఇష్షికి పక్కనా పెన్సిలుతో గుండ్రం చుట్టి, ఇది ఎన్ని మీటర్లు, ఎన్ని ముక్కలు, ఒక్కోటి ఎంత అని అడిగాను. నేను ఆఫీసులో చేసేది క్వాలిటీ చెకింగ్, అలా అడగడం అలవాటే. తర్వాతి మీటింగ్‌కి 14 పేజీల వివరం వచ్చింది. ప్రహరీ, కారు షెడ్డు పనులు మేం విడిగా చేయించుకుంటామని తీసేయించాం. చివరికి అన్నీ కలిపి 2 కోట్ల 71 లక్షల దగ్గర ఆగింది. స్థలానికి పన్ను ఉండదు, ఇంటికి 10 శాతం ఉంటుంది, ఆ అంకె పన్నుతో కలిపే.

ఫిబ్రవరి వచ్చేసరికి తొందర మొదలైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి చట్టం మారుతోంది. అప్పటిదాకా మామూలు రెండంతస్తుల చెక్క ఇంటికి ఆర్కిటెక్టు సంతకం ఉంటే, బలానికి సంబంధించిన లెక్కల కాగితాలు అనుమతి ఇచ్చేవాళ్లు పరిశీలించేవారు కాదు. ఏప్రిల్ నుంచి ఆ కాగితాలు పెట్టాలి, వాళ్లు చూడాలి. పరిశీలన గడువు 7 రోజుల నుంచి 35 రోజులకు పెరిగింది. కొత్త ఇళ్లన్నీ ఎనర్జీ ప్రమాణాలు అందుకోవడం కూడా అప్పటి నుంచే తప్పనిసరి. "మార్చిలోపు పని మొదలుపెడితే ఇవేవీ ఉండవు. ఖర్చు తగ్గుతుంది, త్వరగా అయిపోతుంది. ఈ నెలాఖరుకు సంతకం చేద్దాం" అని మేనేజరే మా ఇంటికి వచ్చాడు. ఆ వారమంతా ఇంట్లో టెన్షన్. మా ఆయనకు కూడా త్వరగా అయిపోతే బాగుండనిపించింది.

నాకు మాత్రం వాళ్లు తప్పించుకోవాలంటున్నదే కావాలి. నా ఇంటి బలం లెక్క బయటివాళ్లు ఒకరు చూస్తారంటే అంతకంటే ఏం కావాలి? మేం మొదటి నుంచి సిస్మిక్ గ్రేడ్ 3 అడుగుతున్నాం. చట్టం అడిగే కనీసం గ్రేడ్ 1, దానికి ఒకటిన్నర రెట్ల భూకంప బలాన్ని తట్టుకునేది గ్రేడ్ 3. 2016 ఏప్రిల్లో కుమమొతోలో 28 గంటల తేడాతో రెండుసార్లు షిందో 7 వచ్చింది, జపాన్ కంపన తీవ్రత కొలతలో అన్నిటికంటే పై మెట్టు అది. మషికి ఊరి నడిబొడ్డున పరిశీలించిన గ్రేడ్ 3 ఇళ్లు 16, అందులో 14 ఇళ్లకు ఏమీ కాలేదు, 2 ఇళ్లకు స్వల్పంగా దెబ్బ తగిలింది. కూలినది ఒక్కటీ లేదు. బిల్డర్ "గ్రేడ్ 3కి సమానం" అని చెబుతూ వచ్చాడు. సమానమంటే కాగితం ఉండదు. సర్టిఫికెట్ ఉంటేనే గ్రేడ్, భూకంప బీమాలో సగం తగ్గింపూ అప్పుడే. ఆ మాట ఎస్టిమేట్లోకి, డ్రాయింగ్ మీదికి రానంతవరకు సంతకం పెట్టేది లేదని చెప్పాను. గడువు చాలకపోతే ఒప్పందం రద్దు చేసుకుని మా బయానా తీసుకుని వెళతామని కూడా చెప్పాను. గట్టిగా ఏమీ అనలేదు. కాగితంలో ఉన్నదే చదివి వినిపించాను.

రెండు రోజులకు మేనేజర్ ఫోన్ చేసి గడువు ఏప్రిల్ ఆఖరు దాకా పొడిగిద్దామన్నాడు. మాటతో వదలకుండా ఒబొయెగాకి, అంటే ఒప్పుకున్నది రాసిన కాగితం, రాయించుకున్నాం, రెండు వైపులా ముద్రలు వేశాం. మీరూ అలాగే చేయండి. గడువు పొడిగింపు ఫోన్ మాటగా మిగిలిపోతే, తేదీ దాటాక బయానా తిరిగొచ్చే హక్కు మీద వాదన మొదలవుతుంది. ఏప్రిల్ మూడో వారంలో, డ్రాయింగులు, వివరాల ఎస్టిమేట్, గ్రేడ్ 3 సర్టిఫికెట్ తీసుకుంటామన్న మాట, అప్పగించే తేదీ, అన్నీ చేర్చిన నిర్మాణ ఒప్పందం మీద సంతకం పెట్టాం. బిల్డింగ్ అనుమతి మే నెలాఖరుకు వచ్చింది.

లోన్ గురించి ఎక్కువ రాయను, ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి, మా ఆయనకు నిపుణులకిచ్చే హైలీ స్కిల్డ్ పాయింట్ల మీద వచ్చింది. తెలుసుకోవాల్సింది ఒకటుంది. హోమ్ లోన్ మామూలుగా ఇల్లు పూర్తయ్యాక ఇస్తారు, కానీ స్థలానికి, పునాదికి, దూలాలు నిలబెట్టేటప్పుడు విడతలుగా డబ్బు కావాలి. స్థలం డబ్బు ముందుగా విడిగా ఇచ్చే బ్యాంకు దొరికితే మంచిది, లేకపోతే త్సునాగి అనే తాత్కాలిక అప్పు తీసుకోవాలి, దానికి వడ్డీ ఎక్కువ. లోన్ మీద పన్ను మినహాయింపు కొత్త ఇంటికి 13 ఏళ్లు, బాకీలో 0.7 శాతం. ఎనర్జీ ప్రమాణం అందుకోని కొత్త ఇంటికి ఇప్పుడు అది రాదు.

జూన్లో భూమిపూజ చేశాం, వాళ్ల పద్ధతిలో. జిచిన్సాయ్ అంటారు. నాలుగు పచ్చి వెదుళ్లు పాతి తాడు కట్టారు, నడుమ బల్ల మీద బియ్యం, ఉప్పు, సాకే, కూరగాయలు, ఒక చేప. పూజారి నాలుగు మూలలా శుద్ధి చేశాక, ఇసుక కుప్పలో మా ఆయన చెక్క పారతో మూడుసార్లు తవ్వారు. నవధాన్యాలు, పసుపు కొమ్ము, ఒక రూపాయి నాణెం మేం తెచ్చుకున్నాం, పునాదిలో పెట్టే పెట్టె పక్కన ఉంచవచ్చా అని అడిగాను. పూజారి రెండు చేతులతో అందుకుని తనే పెట్టారు. ఫోన్లో చూస్తున్న మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ పెద్దమనిషికి నేను ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

ఆగస్టులో దూలాలు నిలబడ్డాయి. ఇప్పుడు గోడల లోపల ఇన్సులేషన్ వేస్తున్నారు, వారం వారం వెళ్లి ఫోటోలు తీసుకుంటున్నాను. ఇల్లు అప్పగించే తేదీ డిసెంబరు 15 అని ఒప్పందంలో రాయించడానికి కారణం ఉంది. ఆస్తి పన్ను జనవరి 1న ఉన్న పరిస్థితిని బట్టి వేస్తారు. ఆ రోజుకు ఇల్లు పూర్తయి ఉంటే 200 చదరపు మీటర్ల లోపు స్థలానికి విలువను ఆరో వంతు కింద లెక్క కడతారు. కట్టుబడిలో ఉంటే ఖాళీ స్థలం కింద ఆ తగ్గింపు లేకుండా వేస్తారు. కొత్త ఇంటికి మూడేళ్లు సగం పన్ను కూడా ఉంది. ఏసీలూ కర్టెన్లూ జనవరిలో పెట్టుకున్నా పరవాలేదు, ఇల్లు మాత్రం డిసెంబరులోనే చేతికి రావాలని సైట్ సూపర్‌వైజర్‌కి ప్రతి వారం గుర్తు చేస్తున్నాను. ప్రహరీకి, కారు నిలిపే కాంక్రీటుకు ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకరు 11 లక్షలు, ఇంకొకరు 14 లక్షలు. ఎవరికి ఇవ్వాలో ఈ ఆదివారం తేలుస్తాం. వీధి వైపు ఎత్తు బ్లాకు గోడ వద్దని మాత్రం ఖాయం చేసుకున్నాం. 2018లో ఒసాకా భూకంపంలో బడి గోడ కూలి ఒక చిన్నారి చనిపోయింది. మా పాప అదే వీధిలో నడిచి బడికి వెళ్లాలి, పక్కింటి పిల్లలూ అటే. రెండు వరసల బ్లాకులు, పైన తేలికపాటి అల్యూమినియం ఫెన్సు వేయిస్తున్నాం.